బంగారం అక్షరాలు

టీ బంకు కాడ బజ్జీలు తిని
కాగితం పారేయబోతా చదివినా:
ఏ దేశంలో వందమంది పెద్దోళ్ళని నిలబెడితే
డాక్టరేట్లు ఎంతమంది, పట్టిక.
పైన చలిదేశాలు, నోరు తిరగని పేర్లు,
నూటికి ఒకరో ఇద్దరో.
వేలు కిందికి జరిపి జరిపి
మన దేశం వరసకి వచ్చేసరికి
నూనె మరక.
సున్నా కనిపించింది, పక్కన చుక్క.
చుక్క తర్వాత ఏముందో
మిరపకాయ బజ్జీకే తెలవాల.

నన్నడిగితే చెప్పనా?
ముప్పై ఏళ్ళుగా కావలిలో
థీసిస్‌లు కట్టేది నేనే.
పేరు కాలేషా. చదువు తొమ్మిదిలో ఆగింది.
మైదాపిండి ఉడకేసి,
పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి,
ఎర్రమట్టి రంగు రెక్సిన్ మీద
అచ్చులు తిరగేసి పేర్చి, కాల్చి అద్దితే
బంగారం పడతాది.
మనిషికి ఐదు కాపీలు.
రొయ్యకి తెల్లమచ్చ ఎందుకొస్తాదో ఒకాయన,
మొలగొలుకుల వడ్లు ఎందుకు తగ్గిపోయాయో ఇంకొకాయన,
కందుకూరు పొగాకు బ్యారన్లలో
దగ్గు మీద ఒకామె మూడొందల పేజీలు.

నేను చదివేది మాత్రం కృతజ్ఞతల పేజీ.
గైడు గారికి ఒక పేరా,
గైడు గారి భార్యకి ఒక పేరా,
సొంత భార్యకి ఒక లైను.
చిట్టచివర నేను, స్పెల్లింగు తప్పుతో.

మా వీధిలో మూడొందల గడపలుంటే
డాక్టరేటు ఒక్కటే, చేవూరి పెంచల నరసయ్య.
చీమల మీద చేశాడు.
గేటుకి బోర్డు పెట్టుకున్న వారానికే
తేలు కుట్టిన పిల్లోడిని ఎత్తుకుని
అర్ధరాత్రి తలుపు కొట్టారు.
"సూదెయ్యని డాక్టర్నమ్మా" అంటానే
లుంగీ మీదే స్కూటరు తీసి
పెద్దాసుపత్రికి దించొచ్చాడు.
తెల్లారి బోర్డు తీసేశాడు.
ఆ వరస లెక్కన
ఇప్పుడు మా వీధిలో సున్నా.

అటక మీద ఐదు కాపీలుండాయి, ఏడేళ్ళుగా.
ఇండ్ల వెంగమ్మ. అల్లూరు పక్క.
వరిగట్టు మీద కుండలో పొగబెట్టి
ఎలుక బొక్క యాడ మొదలై యాడ తేలతాదో
వాళ్ళ నాయన చెప్పే లెక్కే ఆ పుస్తకం.
చేత్తో గీసిన బొక్కల పటాలు
మడతలు మడిచి అంటించినా;
మా మునిసిపాలిటీ కాలవల మ్యాపు కంటే నయం.
తెలుగులో రాసింది కాబట్టి
కత్తెర పక్కన పెట్టి
మొత్తం చదివినా, ఒక రాత్రి.
నా పేరుంది. తప్పు లేదు.

ఐదొందలు అడ్వాన్సిచ్చి
"మిగతాది సోమారం, అన్నా" అనింది.
గైడు రిటైరయ్యాడని ఒకరు,
స్కాలర్‌షిప్పు ఆగిందని ఒకరు,
రొయ్యల కంపెనీ చల్లగదిలో
తలలు తుంచతా కనపడిందని ఒకరు.
ఫోను చేస్తే
ఈ నంబరు మనుగడలో లేదంటాది
ఎప్పుడూ ఉండే ఆ గొంతు.

ఆ పట్టిక రాసినాయన కనపడితే అడగాల:
సామీ, అంతా రాసి
ఇయ్యలేకపోయినోళ్ళని ఏ గడిలో వేస్తారు?
చుక్కకి ఇవతలా, అవతలా?
నలభై ఐదేళ్ళ నాయన, ఎలుక దారి తెలిసినాయన,
ఆయన్ని ఏ దేశం కింద రాస్తారు?

అట్ట మీద పేరు అద్దేటప్పుడు
ముందర రెండక్షరాలు పట్టేంత చోటు వదిలినా.
"అదేందన్నా, పక్కకి జరిగిందే" అని
నవ్వింది ఆ పిల్ల.
"పాత మిషనమ్మా" అన్నా.

రంజాను నెల ముందర కొట్టు దులిపేటప్పుడు
ఐదూ దించి, తెరిచి, దులిపి
మళ్ళీ పైన పెడతా.
పురుగు పట్టలేదు.
ఆ గిన్నెలో మైలుతుత్తం
రెండు చిటికెలు వేసినా.